పిస్టన్ వాల్వా, రోటరీ వాల్వా: ఇత్తడి వాద్యం ఎంచుకునే ముందు

పిస్టన్ వాల్వు (పైకీ కిందికీ కదిలేది) మంచిదా, రోటరీ వాల్వు (ఇరుసు మీద తిరిగేది) మంచిదా అని ఆలోచించే ముందు, ఆ ప్రశ్న మీరు ఎంచుకున్న వాద్యానికి వర్తిస్తుందో లేదో చూసుకోవాలి. ఫ్రెంచ్ హార్న్ నేర్చుకోబోయేవారికి ఎంపిక లేనట్టే. నేడు ఆర్కెస్ట్రాల్లో వాడే హార్న్‌లు, వియన్నా సంప్రదాయాన్ని మినహాయిస్తే, దాదాపు అన్నీ రోటరీ వాల్వులతోనే తయారవుతున్నాయి. కార్నెట్ లేదా యుఫోనియం కావాలనుకునేవారికి సాధారణంగా పిస్టన్ వాద్యమే దొరుకుతుంది. రెండు దారులూ నిజంగా తెరిచి ఉన్నవి ట్రంపెట్, ట్యూబా, కొంతవరకు ఫ్లూగల్‌హార్న్. అందువల్ల ఇక్కడి సలహా ముఖ్యంగా ఈ మూడింటిని కొనేవారికే ఉపయోగపడుతుంది. వాల్వు రకానికి అంటగట్టే గుణదోషాల్లో చాలావాటికి అసలు కారణం వాల్వు కాదనీ, దాని ముందూ వెనకా ఉన్న గొట్టమనీ మొదటే చెప్పడం మంచిది. కొనేటప్పుడు జరిగే పొరపాట్లలో ఎక్కువ భాగం ఈ రెండింటినీ కలిపి చూడటం వల్ల జరిగేవే.

ఏ రకమైనా వాల్వు చేసే పని ఒక్కటే: గాలి వెళ్లే దారిలోకి అదనంగా ఒక గొట్టాన్ని కలపడం, వేలు తీయగానే దాన్ని విడదీయడం. గొట్టం పొడవు పెరిగితే స్వరం కిందికి దిగుతుంది. స్థాయిలోని 12 స్వరస్థానాల లెక్కలో రెండో వాల్వు ఒక స్వరస్థానం, మొదటిది రెండు, మూడోది మూడు స్వరస్థానాలు దింపుతాయి. ఇందుకు మొత్తం గొట్టం పొడవులో వరుసగా సుమారు 6 శాతం, 12 శాతం, 19 శాతం అదనంగా చేర్చాలి. మూడు వాల్వులూ కలిపి నొక్కితే 37 శాతం చేరుతుంది, కాని ఆరు స్వరస్థానాలు సరిగ్గా దిగాలంటే దాదాపు 41 శాతం కావాలి. ఒక వాల్వు నొక్కినప్పుడు వాద్యం అప్పటికే పొడవైంది కనుక, ఆ పెరిగిన పొడవు మీద లెక్కించాల్సిన తర్వాతి వాల్వు గొట్టం చాలదు; స్వరం ఉండవలసిన దానికన్నా కొంచెం పైన పలుకుతుంది. ఈ లోపం పిస్టన్ వాద్యంలోనూ రోటరీ వాద్యంలోనూ ఒకే కొలతలో ఉంటుంది. కాబట్టి ఫలానా వాల్వు వల్ల శ్రుతి బాగా నిలుస్తుందని ఎవరైనా చెబితే ఆ మాటను పక్కన పెట్టవచ్చు. ట్రంపెట్‌లో మూడో వాల్వు స్లైడ్‌ను (లోపలికీ బయటికీ జరిగే గొట్టం ముక్కను) వేలితో బయటికి జరిపి దీన్ని సరిదిద్దుకుంటారు. యుఫోనియంలోనూ ట్యూబాలోనూ నాలుగో వాల్వు ఆ పని చేస్తుంది.

శ్రుతి విషయంలో వాల్వు రకానికి పరోక్షంగా సంబంధం ఉన్న సందర్భం ఒకటి ఉంది. 1870లలో బ్రిటన్‌లో డేవిడ్ జేమ్స్ బ్లేక్లీ రూపొందించిన కాంపెన్సేటింగ్ పద్ధతిలో, నాలుగో వాల్వు నొక్కినప్పుడు గాలి మిగిలిన వాల్వుల గుండా రెండోసారి వెళ్లి, అక్కడున్న చిన్న గొట్టాల ద్వారా తక్కువ పడిన పొడవును తానే పూరించుకుంటుంది. యుఫోనియంలలో, ట్యూబాల్లో ఈ ఏర్పాటు దాదాపు ఎప్పుడూ పిస్టన్ వాల్వులతోనే కనిపిస్తుంది. కింది స్వరాలు ఎక్కువగా ఉండే రచనలు వాయిస్తూ, ప్రతిసారీ స్లైడ్ జరపడం ఇష్టం లేని ట్యూబా వాదకులకు పిస్టన్ వైపు మొగ్గడానికి ఇది గట్టి కారణం. రోటరీ ట్యూబా వాదకులు ఇదే సమస్యను అయిదో వాల్వుతో, ఒక్కోసారి ఆరో వాల్వుతో పరిష్కరించుకుంటారు.

1818లో బెర్లిన్‌లో హైన్‌రిష్ ష్టోల్‌జెల్, ఫ్రీడ్‌రిష్ బ్లూమెల్ కలిసి పేటెంట్ తీసుకున్నప్పటి నుంచి చాలా రకాల వాల్వులు వచ్చాయి. వాటిలో నేటివరకూ విస్తృతంగా నిలిచినవి రెండే. 1830ల చివర్లో పారిస్‌లో ఫ్రాన్స్వా పెరినే రూపొందించిన పిస్టన్ ఒకటి, 1835లో వియన్నాలో జోసెఫ్ రీడ్ల్ పేటెంట్ పొందిన రోటరీ రెండోది. అంతకుముందే, 1830లో, లియోపోల్డ్ ఊల్‌మాన్ వియన్నాలో పేటెంట్ తీసుకున్న జంట పిస్టన్ల వాల్వును వియన్నా హార్న్ వాదకులు ఇప్పటికీ వదల్లేదు. పైన చెప్పిన మినహాయింపు అదే.

పిస్టన్ నిట్టనిలువు ప్రయాణం చేస్తుంది. గుండ్రని కేసింగ్‌లో (బయటి తొడుగులో) పైకీ కిందికీ కదిలే ఆ కడ్డీలో మూడు దారులు తొలిచి ఉంటాయి. నొక్కనప్పుడు ఒక దారి గాలిని నేరుగా పంపిస్తుంది. నొక్కినప్పుడు మిగిలిన రెండూ ముందుకు వస్తాయి. వాటిలో ఒకటి గాలిని అదనపు గొట్టంలోకి తీసుకెళ్తే, మరొకటి తిరిగి తెస్తుంది. స్ప్రింగ్ పిస్టన్‌ను తిరిగి పైకి నెడుతుంది. ట్రంపెట్‌లో ఈ ప్రయాణం సుమారు 16 మిల్లీమీటర్లు. పిస్టన్‌కూ కేసింగ్‌కూ మధ్య సందు మిల్లీమీటరులో వందో వంతుల్లో కొలవాల్సినంత సన్ననిది. అక్కడ గాలిని ఆపేది, రాపిడిని తగ్గించేది పలచని ఆయిల్ పొర మాత్రమే.

రోటరీ వాల్వులో కదలిక కొళాయి తిప్పినట్టు ఉంటుంది. రెండు దారులున్న రోటర్ తన ఇరుసు మీద సరిగ్గా 90 డిగ్రీలు తిరిగి ఆగుతుంది. వేలు నొక్కేది రోటర్‌ను కాదు, మీటను. మీట కదలికను రోటర్ దాకా చేర్చే ఏర్పాటు రెండు విధాలుగా ఉంటుంది: కొన్ని వాద్యాల్లో దారం, కొన్నింటిలో లోహపు కడ్డీలూ చిన్న గుండ్ల కీళ్లూ. తిరగడం ఎక్కడ ఆగాలో నిర్ణయించేవి రెండు చిన్న కార్క్ లేదా రబ్బరు బిళ్లలు. రోటర్ భారమంతా రెండు చివర్లా ఉన్న బేరింగుల మీద ఉంటుంది. అందుచేత అది కేసింగ్ గోడను రుద్దుకోకుండానే, చాలా దగ్గరగా తిరుగుతుంది. పిస్టన్‌కు అలాంటి వెసులుబాటు లేదు. తన చుట్టుకొలత మొత్తంతో గోడను ఒరుసుకుంటూనే కదలాలి. రెండింటి నిర్వహణలోనూ అరుగుదలలోనూ కనిపించే తేడాలన్నీ దాదాపుగా ఈ ఒక్క విషయం నుంచే పుడతాయి.

వేళ్లకు తెలిసే తేడా ట్రంపెట్‌లో కన్నా ట్యూబాలో స్పష్టంగా ఉంటుంది. గొట్టం వ్యాసం పెరిగేకొద్దీ పిస్టన్ దిగవలసిన దూరం, దాని బరువు రెండూ పెరుగుతాయి. రోటర్ కూడా పెద్దదే అవుతుంది కాని తిరగవలసింది మాత్రం అదే పావు చుట్టు. మీట పొడవును తయారీదారు సర్దితే వేలి కదలిక చిన్నదిగానే ఉంటుంది. చిన్న చేతులున్నవారికి, వేగంగా సాగే స్వరాలను పెద్ద ట్యూబా మీద వాయించవలసినవారికి ఇది చిన్న సౌకర్యం కాదు. అయితే రోటరీ మీట ఎంత తేలికగా ఉంటుందన్నది దాని లింకేజీ (మీటను రోటర్‌తో కలిపే ఏర్పాటు) నాణ్యత మీద ఆధారపడుతుంది. కీళ్లు వదులైన రోటరీ వాద్యం ప్రతి స్వరానికీ టకటకమంటుంది, ఆ చప్పుడు నెమ్మదైన రచనల్లో ముందు వరుస శ్రోతల దాకా వినబడుతుంది. పిస్టన్ మీద వేలిని నిలువుగా నొక్కాలి. పక్కకు లాగుతూ నొక్కే అలవాటున్నవారి వాద్యాల్లో పిస్టన్ ఒకవైపే అరిగిపోతుంది. మీటలు ఇలాంటి తప్పులను కొంత సహిస్తాయి.

స్వరం నుంచి స్వరానికి విరామం లేకుండా జారే చోట రోటరీ వాల్వు మెత్తగా కలుపుతుందనీ, పిస్టన్ ప్రతి స్వరాన్నీ విడిగా స్పష్టంగా నిలుపుతుందనీ రెండు రకాలూ వాయించినవారిలో చాలామంది చెబుతారు. వాల్వుకు నేరుగా చెందిన గుణాల్లో నేను నమ్మే వాటిలో ఇది ఒకటి. రెండోది దీనికి ఎదురువైపున ఉంది: పిస్టన్‌ను సగం దూరంలో ఆపి, స్వరాన్ని నలిపి, మూలిగించి, జార్చగలం. డ్యూక్ ఎలింగ్టన్ జాజ్ బృందంలో రెక్స్ స్టూవర్ట్ కార్నెట్ మీద ఈ సగం వాల్వు పద్ధతిని తన ముద్రగా మార్చుకున్నాడు. రోటరీ మీద అలాంటి పట్టు దొరకడం కష్టం, ఎందుకంటే మీట కొద్దిగా కదిలినా రోటర్ ఎక్కువ కోణం తిరిగిపోతుంది. జాజ్ వాయించాలనుకునే ట్రంపెట్ వాదకులు ఇంకేమీ ఆలోచించకుండా పిస్టన్ తీసుకోవచ్చు.

ఇక నాదం సంగతి. రోటరీ ట్రంపెట్ నాదం గుండ్రంగా, ముదురుగా ఉంటుందనీ, పిస్టన్ ట్రంపెట్ నాదం మెరుస్తూ సూటిగా వెళ్తుందనీ అందరూ అంటారు. విన్నప్పుడు ఆ తేడా నిజంగానే తెలుస్తుంది. కాని ఆ ఘనత వాల్వుకు కట్టబెట్టడం సొమ్మొకడిది, సోకొకడిది అన్నట్టే. జర్మన్, ఆస్ట్రియన్ పద్ధతిలో తయారైన రోటరీ ట్రంపెట్‌లో లోపలి గొట్టం వ్యాసం సాధారణంగా 11 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. ఎక్కువగా వాడే పిస్టన్ ట్రంపెట్లలో అది సుమారు 11.7 మిల్లీమీటర్లు. రోటరీ వాద్యంలో వాల్వులు మౌత్‌పీస్‌కు దగ్గరగా ఉంటాయి, బెల్ (గంట ఆకారపు చివరి భాగం) మెడ వెడల్పుగా విచ్చుకుంటుంది, లోహపు రేకు తరచుగా పలచగా ఉంటుంది. గొట్టంలో శంఖాకారపు భాగం ఎంత, సమాన వ్యాసపు భాగం ఎంత అన్న నిష్పత్తి మారితే నాదం మారుతుంది. పిస్టన్ ట్రంపెట్ గొట్టాన్నే ఉంచి వాల్వులు మాత్రం మారిస్తే నాదం అంతగా మారదు.

హార్న్ చరిత్రలో దీనికి మంచి ఉదాహరణ దొరుకుతుంది. 20వ శతాబ్దం తొలి సగంలో బ్రిటన్‌లోని హార్న్ వాదకులు ఎక్కువగా ఫ్రెంచ్ తయారీ పిస్టన్ హార్న్‌లే వాడేవారు. అక్కడి ప్రసిద్ధ వాదకుడు డెనిస్ బ్రెయిన్ తన రావూ తయారీ పిస్టన్ హార్న్‌ను విడిచి 1951లో జర్మనీకి చెందిన అలెగ్జాండర్ సంస్థ రోటరీ హార్న్‌కు మారాడు. ఆ కాలంలో అక్కడ పాత హార్న్ నాదాన్ని మిస్సవుతున్నామని బాధపడ్డవారు ఉన్నారు. పోయింది మాత్రం పిస్టన్ నాదం కాదు, సన్నని గొట్టం నాదం. జర్మన్ హార్న్‌లు వెడల్పైన గొట్టంతో వచ్చాయి.

ట్రంపెట్ కొనేవారు చూడవలసిన మొదటి విషయం తాము కూర్చోబోయే బృందం. బెర్లిన్, వియన్నా ఫిల్‌హార్మోనిక్ ఆర్కెస్ట్రాల్లో ట్రంపెట్ విభాగం రోటరీ వాద్యాలతో వాయిస్తుంది; జర్మనీ, ఆస్ట్రియాల్లో ఆర్కెస్ట్రా ఉద్యోగానికి పోటీపడాలంటే రోటరీ ట్రంపెట్ తప్పదు. ఫ్రాన్స్, బ్రిటన్, అమెరికాల్లో పిస్టన్ ప్రధాన వాద్యం. అయినా అమెరికా ఆర్కెస్ట్రాల్లో జర్మన్, ఆస్ట్రియన్ స్వరకర్తలైన బ్రామ్స్, బ్రూక్నర్ రచనలు వచ్చినప్పుడు రోటరీ ట్రంపెట్లను బయటికి తీయడం మామూలు విషయం. మిలిటరీ బ్యాండ్, జాజ్, సినిమా సంగీతం, స్కూలు బృందం, వీటిలో ఏదైనా సరే పిస్టన్ సరిపోతుంది. నేర్చుకోవడం మొదలుపెట్టేవారికి నేను రోటరీ ట్రంపెట్‌ను సూచించను.  పై స్వరాలు అందులో అంత స్థిరంగా నిలవవు, అందుకే చాలా రోటరీ ట్రంపెట్లకు ఆ స్వరాలను పట్టి నిలపడానికి వియన్నా కీలు అనే చిన్న రంధ్రాల మీటలు అమరుస్తారు. పెదవుల పట్టు ఇంకా కుదరని దశలో వాద్యం నుంచి వీలైనంత సాయం అందాలి. పైగా రోటరీ ట్రంపెట్లు తక్కువ సంఖ్యలో తయారవుతాయి కాబట్టి, ఒకే నాణ్యత గల పిస్టన్ వాద్యం కన్నా వాటి ధర సాధారణంగా ఎక్కువ. పిస్టన్ మీద కొన్నేళ్లు గడిచాక రెండో వాద్యంగా రోటరీ తీసుకునేవారికి మారడం పెద్ద శ్రమ కాదు: వేళ్ల వరుస అదే, పట్టుకునే తీరు మాత్రం వేరు, వాద్యాన్ని పక్కకు పడుకోబెట్టినట్టు పట్టుకోవాలి.

ట్యూబాలో ఎంపిక ఇంకా స్వేచ్ఛగా ఉంటుంది. జర్మనీ, ఆస్ట్రియా, రష్యాల్లో రోటరీ, బ్రిటన్‌లో కాంపెన్సేటింగ్ పిస్టన్ స్థిరపడ్డాయి. అమెరికాలో రెండూ పక్కపక్కనే నడుస్తాయి. షికాగో సింఫనీలో ఆర్నాల్డ్ జేకబ్స్ వాయించిన యార్క్ ట్యూబాకు నాలుగు పిస్టన్లూ ఒక రోటరీ వాల్వూ ఉన్నాయి. రెండు రకాలూ ఒకే వాద్యంలో కలిసి ఉండగలవనడానికి అదే రుజువు. ట్యూబా ఎంచుకునేటప్పుడు కూర్చుని ఒళ్లో పెట్టుకుని, కుడి మణికట్టు ఏ కోణంలో ఉందో గమనించండి. పైనుంచి నొక్కే పిస్టన్లు, ముందువైపు ఉన్న పిస్టన్లు, రోటరీ మీటలు, ఈ మూడూ చేతిని మూడు వేర్వేరు స్థితుల్లో ఉంచుతాయి. గంటల తరబడి సాగే సాధనలో వాల్వు వేగం కన్నా మణికట్టు సుఖమే ఎక్కువగా లెక్కకు వస్తుంది.

ఫ్లూగల్‌హార్న్ విషయంలో ఎక్కువ చెప్పవలసింది లేదు: ఆస్ట్రియన్, బవేరియన్ బ్యాండ్లలో వాయించేవారు రోటరీ, మిగిలినవారు పిస్టన్ తీసుకుంటారు. ట్రాంబోన్‌కు ఎఫ్ అటాచ్‌మెంట్ (అదనపు గొట్టాన్ని కలిపే వాల్వు) కావాలంటే పిస్టన్ చర్చే ఉండదు. అక్కడ పోటీ మామూలు రోటర్‌కూ, గాలి దారిని తక్కువగా వంచే థేయర్, హాగ్‌మన్ వాల్వులకూ మధ్య.

నిర్వహణ గురించి మాత్రం వివరంగా చెప్పాలి, ఎందుకంటే రోజూ చేతికి తగిలే తేడా అక్కడే ఉంది. పిస్టన్‌ను యజమాని తానే శుభ్రం చేసుకోగలడు. పై మూతను విప్పి, పిస్టన్‌ను నిలువుగా బయటికి లాగి, పీచు వదలని మెత్తని బట్టతో తుడిచి, నాలుగైదు చుక్కల ఆయిల్ వేసి తిరిగి దించాలి. దించాక మెల్లగా తిప్పితే పిస్టన్ గైడ్ (పిస్టన్ పక్కకు తిరగకుండా ఆపే చిన్న ముక్క) తన గాడిలో చిన్న టిక్కుమన్న చప్పుడుతో కూర్చుంటుంది. పిస్టన్ల మీద 1, 2, 3 అంకెలు చెక్కి ఉంటాయి; ఒకదాని చోట మరొకటి పెడితే దారులు కలవక గాలి అసలు ముందుకు పోదు. వాద్యం పాడైందని కంగారుపడే కొత్తవారిలో చాలామంది విషయంలో జరిగింది ఇదే. ఈ పని రెండు మూడు రోజులకొకసారి, బాగా వాయించేవారైతే రోజూ చేయాలి. పిస్టన్‌కు ప్రమాదం బయటినుంచి వస్తుంది: కేసింగ్ పక్కన, ముఖ్యంగా రెండో వాల్వు స్లైడ్ దగ్గర, చిన్న సొట్ట పడినా పిస్టన్ బిగుసుకుపోవచ్చు.

రోటరీ వాల్వుకు తరచుగా పని ఉండదు, కాని ఉన్న పనికి ఓపిక కావాలి. ఆయిల్ మూడు చోట్ల పడాలి: రోటర్ ఉపరితలానికి పలచనిది, రెండు చివర్ల బేరింగులకు కాస్త చిక్కనిది, మీటల కీళ్లకు ఇంకా చిక్కనిది. వెనక మూత విప్పితే మధ్యలో ఇరుసు చివర కనిపిస్తుంది. అక్కడ ఒక చుక్క, ముందువైపు మర కింద మరో చుక్క సరిపోతాయి. ఉపరితలానికి ఆయిల్ స్లైడ్ గొట్టం ద్వారా వేస్తారు. గొట్టం అంచున ఉన్న గ్రీజు ఆ ఆయిల్‌తో కలిసి లోపలికి జారితే రోటర్ మందగిస్తుంది కాబట్టి, ముందు ఆ అంచును తుడవాలి, లేదా సన్నని మూతి గల సీసాతో గ్రీజు దాటాక వదలాలి. స్లైడ్ లాగేటప్పుడు దాని వాల్వును తప్పక నొక్కి పట్టుకోవాలి. రోటర్‌ను ఇంట్లో ఊడదీయకూడదు. దాన్ని బయటికి తీయడానికి చర్మపు లేదా ప్లాస్టిక్ సుత్తితో ఇరుసు మీద కొలతగా తట్టాలి, తిరిగి బిగించేటప్పుడు బేరింగ్ పళ్లెం సరిగ్గా నిటారుగా కూర్చోవాలి. ఇది ఏడాదికొకసారి చేతి అనుభవం ఉన్న మరమ్మతు నిపుణుడు చేయవలసిన పని. దారపు లింకేజీ ఉన్నవారు మాత్రం వాద్యం పెట్టెలో కొంత దారం, చిన్న స్క్రూడ్రైవర్ ఉంచుకుని, దారాన్ని రోటర్ చేతి (ఇరుసు ముందువైపు బిగించిన చిన్న లోహపు ముక్క) చుట్టూ 8 అంకె ఆకారంలో చుట్టి మర కింద బిగించడం నేర్చుకోవాలి. ఆ దారం తెగేది సాధారణంగా సాధనలో కాదు, కచేరీలో.

మీకు అందుబాటులో ఉన్న మరమ్మతు నిపుణుడికి రోటరీ పని వచ్చునా అని కొనకముందే అడిగి తెలుసుకోండి. రాకపోతే, ట్యూబాలోనైనా ట్రంపెట్‌లోనైనా పిస్టన్ తీసుకోవడమే నయం. నాదంలో ఉన్న ఏ చిన్న మెరుగూ ఆర్నెల్లపాటు బిగుసుకుపోయి ఉన్న వాద్యానికి సాటి రాదు.

వాడిన వాద్యం కొనేటప్పుడు రెండు రకాలకూ పనికివచ్చే పరీక్ష ఒకటి ఉంది. ఈ ఒక్క పరీక్షకు మాత్రం, వాల్వు నొక్కకుండా దాని స్లైడ్‌ను కొంత లాగి, కొన్ని క్షణాలు ఆగి, పూర్తిగా బయటికి తీయండి. ఠప్పుమని గట్టి చప్పుడు వస్తే వాల్వు గాలిని బాగా ఆపుతోందని అర్థం. చప్పుడు లేకుండా జారి వస్తే గాలి ఎక్కడో కారుతోంది. మూడో స్లైడ్‌కు గాలి రంధ్రం ఉన్న వాద్యాల్లో ఇది పనిచేయదు. పిస్టన్‌ను బయటికి తీసి వెలుతురులో తిప్పి చూడండి. నికెల్ పూత పోయి అడుగున ఉన్న ఇత్తడి పసుపు రంగు ఒకవైపు కనిపిస్తే అది బాగా అరిగినట్టు. మళ్లీ పూత వేయించి కేసింగ్‌కు సరిపడేలా సానపట్టించవచ్చు, కాని ఆ ఖర్చు మామూలు వాద్యం విలువను మించిపోగలదు. మోనెల్ (నికెల్, రాగి మిశ్రలోహం) లేదా స్టెయిన్‌లెస్ స్టీల్ పిస్టన్లకు ఇలాంటి పూత ఉండదు కాబట్టి రంగు చూసి నిర్ణయించలేం. ఠప్పు పరీక్షనే నమ్మాలి. రోటరీ వాద్యంలో రోటర్ ముందువైపు చేతిని రెండు వేళ్లతో పట్టుకుని పక్కలకూ, ముందుకూ వెనక్కూ మెల్లగా కదపండి. అది ఇటూ అటూ కదులుతున్నట్టు తెలిస్తే బేరింగ్ వదులైంది. తొలిదశలో ఉంటే నిపుణుడు దాన్ని తక్కువ ఖర్చుతో బిగించగలడు. ఆపై వెనక మూత విప్పి, ఇరుసు చివర ఉన్న గీతలు పళ్లెం మీది గీతలతో మీట నొక్కినప్పుడూ వదిలినప్పుడూ కలుస్తున్నాయో లేదో చూడండి. కలవకపోతే కార్క్ బిళ్లలు మార్చితే చాలు. అమ్మేవారు ఆ వాద్యం ఊదడానికి బరువుగా ఉంటుందని ధర తగ్గించి ఉంటే, ఆ బిళ్లల ఖర్చుతోనే మీకు మంచి వాద్యం దక్కే అవకాశం ఉంది.